ఎడమ పురి, కుడి పురి

మే నెల. బరంపురంలో రాత్రి పదకొండైనా
గోడ మీద చెయ్యి వేస్తే పెనం.
లోపల, ఈ స్టీలు కూజా అడుగున,
మంచు కూడా ఎరగని చలి,
కిందికి ఇంకా నాలుగే మెట్లు మిగిలిన చలి.

నేను టెక్నీషియన్ని. అంతకుముందు
ఇరవై రెండేళ్లు పట్టు మగ్గం.
నాడె ఆగింది, వడ్డీ ఆగలేదు.
ఇంటర్వ్యూలో హిరణ్మయి మేడమ్ అడిగింది ఒక్కటే:
"తల వెంట్రుకలో పావువంతు తీగ, అతకగలవా దండపాణీ?"
చేతులు చూపించాను.
తెగిన పోగులు అతికీ అతికీ
బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి.
ఆధార్ మిషనుకి నేనెవరో తెలీదు.

ఫిల్మంటే సినిమా అనుకున్నాను మొదట్లో.
ఇది ప్లాటినం పొర,
అద్దం మీద ఊపిరి మరకకన్నా పలచన.
అయస్కాంతం తెచ్చి పలకరించినా పలకదు,
ఇనుముతో చుట్టరికం లేని లోహం.
దీని ఒక కొసని రవ్వంత వెచ్చచేస్తాం,
డిగ్రీలో వెయ్యో వంతు.
జ్వరం కూడా కాదు,
జ్వరం వస్తుందేమోనన్న అనుమానం.

అప్పుడు లోపల ఏం జరుగుతుందో
మేడమ్ ఒడియాలో చెప్పింది, ఇంగ్లీషులో చెప్పింది,
బోర్డంతా బాణాలు గీసింది.
ఎలక్ట్రాన్లకి ఎవరి తిరుగుడు వారిదేనట,
కొన్ని ఇటు, కొన్ని అటు.
వేడి నిటారుగా నడిచిపోతుంటే
ఇటు తిరిగేవి ఈ గట్టుకి ఒరుగుతాయి,
అటు తిరిగేవి ఆ గట్టుకి.
"పురి," అన్నాను.
"పూరీయా? రథయాత్రకా?" అంది.
కాదు మేడమ్, పురి. పోగులో మెలి.
మా అమ్మ వేలికొసల మధ్య ఒక్కసారి నలిపి చెప్పేది,
ఇది ఎడమ పురి, ఇది కుడి పురి.
కంటికి రెండూ ఒకటే.
కండెలో కలగలిసిపోతే మాత్రం
తడిపిన చీర ఒక మూల ముడుచుకుంటుంది,
షావుకారు మొహాన కొడతాడు.

ఇక్కడ అమ్మ వేళ్ల పని వేడి చేస్తుంది.
ఎడమకి ఎన్ని పోయాయో కుడికీ అన్నే,
అందుకని మామూలు మీటరు లెక్కలో సున్నా.
"సున్నా అంటే ఏమీ కదలడం లేదని కాదు," అంది మేడమ్.
నాకది కొత్త సంగతేమీ కాదు.
జనాభా లెక్కలాయన మా వీధికొచ్చి
మాతృభాష గడి దగ్గర పెన్ను పట్టుకుని నిలబడతాడు.
తెలుగులో అప్పు చేసి, ఒడియాలో బేరమాడి,
ఏడుపొస్తే ఏది ముందు నోటికొస్తే
అందులో ఏడ్చే ఇళ్లు మావి.
గడి ఒకటే.

ఒక గట్టు మీద అయస్కాంతపు పూత పెట్టాం, సాక్షిగా.
మార్చిలో సాక్షి ఏదో చెప్పింది. పండగ చేసుకున్నాం.
మర్నాడు తేలింది, మాట్లాడింది నా అతుకని.
రెండు లోహాలు కలిసిన చోట వేడి తగిలితే
అతుకు తనంతట తానే కాస్త కరెంటు కల్పిస్తుంది.
నేనే విప్పాను. నేనే మళ్లీ అతికాను.
మేడమ్ ఒక్క మాట అనలేదు. అదే కష్టం.

ఇవాళ హీలియం అడుగంటింది.
తర్వాతి సిలిండరు కలకత్తా నుంచి ఎప్పుడొస్తుందో.
పంపు మాత్రం మగ్గంలా కొట్టుకుంటోంది,
దానికి నేత లేదు.
ఒంటిగంట నలభై. తొమ్మిది నానోవోల్టులు.
మేడమ్ హీటరు కరెంటు తిరగేసింది.
అంకె చెక్కుచెదరలేదు.
ఎటు పారితేనేం, వేడి వేడే.
ఫీల్డు తిరగేసింది.
మైనస్ తొమ్మిది.
మళ్లీ తిప్పింది. తొమ్మిది.
మళ్లీ.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఉన్నదే ఇద్దరం.
మేడమ్ చెప్పులు విడిచి కుర్చీలో కాళ్లు ముడుచుకుని
"మంచినీళ్లు," అంది, తెలుగులో.
"దేఉచి," అన్నాను నేను, ఒడియాలో.
ఇద్దరం గమనించలేదు,
ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.

కూజా నింపడానికి బయటికొచ్చాను.
వడగాలి ఇంకా పడుకోలేదు.
చీకట్లో బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపి చూశాను,
అమ్మలాగా.
ఏ పురో తెలీలేదు.
చెమట.